రోడ్డు మీద ఉపమానం

యిర్మీయా ప్రవక్తను దేవుడు ముందు కుమ్మరి ఇంటికి పొమ్మన్నాడు. మాట అక్కడ వినిపిస్తానన్నాడు. ప్రవక్త వెళ్లి నిలబడి చూశాడు. సారె మీద కుండ చెడింది. కుమ్మరి విసుక్కోకుండా ఆ మట్టినే మళ్లీ ముద్ద చేసి ఇంకో పాత్ర చేశాడు. అది కళ్లారా చూశాకే యిర్మీయాకు సందేశం అందింది. యేసు ప్రభువు చెప్పిన ఉపమానాలూ ఈ వరుసలోనే సాగుతాయి. రాతినేల మీద పడ్డ విత్తనం ముందుగా మొలిచి ముందుగా ఎందుకు మాడిపోతుందో ఆ మాట విన్న రైతుకు తెలుసు. వలలో పడ్డ చేపల్ని ఒడ్డున కూర్చుని ఎలా ఏరాలో జాలరికి తెలుసు. వాళ్ల చేతులకు అలవాటైన పనిని పట్టుకుని ఆయన పరలోక రాజ్యాన్ని వివరించాడు.

ఈనాడు మన సంఘాల్లో నాగలి పట్టినవాళ్లు తగ్గిపోయారు. మోటారు బండి నడిపేవాళ్లు పెరిగారు. అందుకే పల్లె మందిరాల్లో ప్రసంగం వింటుంటే హెడ్‌లైటు, పంక్చరు, రిజర్వు పెట్రోలు తరచూ వాక్యంలోకి వస్తున్నాయి. దీన్ని చవకబారు అలంకారమని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఇది ఉపమానమనే పాత విద్యకు న్యాయమైన కొనసాగింపు. అయితే దానికో షరతుంది. బండి నిజంగా ఎలా పనిచేస్తుందో ఆ నిజం మీదే పాఠం నిలబడాలి. మెకానిక్ వింటే తల అడ్డంగా ఊపే పోలిక ప్రసంగానికి పనికిరాదు.

తెలుగు నేల మీద సువార్త మొదటి నుంచీ దారి పట్టుకునే తిరిగింది. తోళ్ల వ్యాపారం కోసం ఊరూరా తిరిగే యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొంది, తన మాదిగ బంధువులకు కొత్త విశ్వాసం గురించి చెప్పుకుంటూ నడిచాడు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ గుర్రమెక్కి పల్లెలు చుట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆ కాలినడకకూ ఆ గుర్రానికీ వారసురాలు ఇప్పటి పాస్టర్ గారి బండి. పొద్దున ఒక ఊళ్లో ఆరాధన, మధ్యాహ్నం ఇంకో ఊళ్లో, రాత్రి ఎవరింట్లోనో కుటుంబ ప్రార్థన. బైబిలు సంచి హ్యాండిల్‌కు వేలాడుతుంటుంది. బయటి దేశాల్లోనూ బైకునూ విశ్వాసాన్నీ కలిపినవాళ్లున్నారు. లండన్‌లో 1959లో చర్చి యువజన సంఘంగా మొదలైన 59 క్లబ్బులో, 1962లో ఫాదర్ బిల్ షెర్గోల్డ్ బైకు కుర్రాళ్లకు తలుపులు తెరిచాడు. అప్పట్లో ఆ కుర్రాళ్లను ఊరంతా రౌడీల్లా చూసేది. కానీ వాళ్లది సరదాగా నడిపే బండి. మన దగ్గర బండి బతుకుతెరువు. ఉపమానం బతుకుతెరువులోనే బాగా వేళ్లూనుతుంది.

హెడ్‌లైటు సంగతే తీసుకోండి. అర్ధరాత్రి పొలాల మధ్య తారురోడ్డు మీద పోతుంటే లైటు ముందున్న కొంత మేర దారి చూపిస్తుంది, అంతే. చేరాల్సిన ఊరు కనిపించదు, మలుపు అవతల ఏముందో కనిపించదు. అయినా ఎవరూ బండి ఆపుకుని, ఊరిదాకా వెలుగు పడితేనే కదులుతానని కూర్చోరు. బండి కదిలినకొద్దీ వెలుగూ ముందుకు జరుగుతుంది. 119వ కీర్తనలో వాక్యాన్ని దీపంతో పోల్చిన కవి ఎరిగింది చేతిలో పట్టే నూనె దీపం. అది పాదం పెట్టబోయే చోటు వరకే వెలుగిస్తుంది. అబ్రాహాము ఎక్కడికో తెలియకుండానే ఇల్లు విడిచి బయల్దేరాడని హెబ్రీ పత్రిక చెబుతుంది. ఇంకో చిన్న వివరం ఉంది, పాత బండ్లు నడిపినవాళ్లకు వెంటనే తడుతుంది. చాలా పాత మోడళ్లలో హెడ్‌లైటుకు కరెంటు నేరుగా ఇంజిన్ తిరిగే వేగం నుంచే వచ్చేది. బండి నిలిపి ఐడిలింగులో ఉంచితే లైటు ఎర్రగా మసకబారేది. ఎక్సిలేటర్ తిప్పి కదిలితే తెల్లగా వెలిగేది. విన్న వాక్యాన్ని బతుకులో నడిపించనివాడికి వాక్యం ఎందుకు మసకగా ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మలుపు తిరిగేటప్పుడు చూపు ఎక్కడ ఉండాలన్నది రెండో పాఠం. కొత్తగా నేర్చుకునేవాళ్లకు పెద్దవాళ్లు ఇచ్చే మొదటి హెచ్చరిక ఇదే: గుంతను చూడకు, గుంత పక్కన పోవాల్సిన దారిని చూడు. భయంతో గుంత మీదే కళ్లు నాటుకుంటే చేతులు, నడుము తెలియకుండానే అటే వంగుతాయి, బండి నేరుగా దాంట్లోకే దిగుతుంది. ఘాట్ రోడ్డు మీద అయితే మలుపు ముగిసే చోటుకు తల తిప్పి చూస్తేనే బండి అటు తిరుగుతుంది. నీటి మీద నడుస్తున్న పేతురు విషయంలో జరిగిందీ ఇదే. ప్రభువు వైపు చూసినంతసేపూ నడిచాడు, గాలిని చూసి భయపడగానే మునగసాగాడు. గాలి అప్పుడే పుట్టింది కాదు, అంతకుముందు నుంచీ వీస్తూనే ఉంది. మారింది చూపు ఒక్కటే. అప్పులు, అనారోగ్యం, ఇంట్లో గొడవలు లేనట్టు నటించమని ఈ పాఠం చెప్పదు. గుంత ఉందని రైడరుకు తెలియాలి. తెలిసి, దారి మీద చూపు నిలపాలి. ఈ తేడా చెప్పకుండా కష్టాలను పట్టించుకోవద్దని మాత్రమే చెప్పే బోధకుడు బండి గురించీ తప్పు చెప్పినట్టే, పేతురు గురించీ తప్పు చెప్పినట్టే.

వెనక సీటు పాఠం నాకు వీటన్నిటికన్నా ఇష్టం. మలుపులో బండి వంగినప్పుడు వెనక కూర్చున్నవాళ్లు నడిపేవాళ్లతో పాటే వంగాలి. పడిపోతామని భయపడి రెండోవైపుకు ఒరిగితే బండి తూగుతుంది, నడిపేవాడికి పట్టు తప్పుతుంది. వాళ్లు హ్యాండిల్ పట్టరు గానీ మూటలా కూర్చుంటే సరిపోదు. ఒళ్లంతా నడిపేవాడి కదలికకు అప్పగించాలి. చీర కట్టుకుని, ఒళ్లో పిల్లాడితో, ఒకవైపుకే తిరిగి కూర్చుని మందిరానికి వచ్చే మన అక్కచెల్లెళ్లకు ఈ నమ్మకం ఎంత కష్టమో తెలుసు. వెనక కూర్చున్నవాళ్లకు ఎదురుగా రోడ్డు సరిగా కనిపించదు, నడిపేవాడి వీపు కనిపిస్తుంది. నిర్గమకాండంలో మోషే దేవుని మహిమ చూడాలని వేడుకుంటే ముఖం చూడలేవని, వెనక భాగమే చూస్తావని జవాబొచ్చింది. దేవుడు ముందు నడుస్తుంటే మనం చూడగలిగేది అంతే. ఆ వీపును నమ్మి మలుపులో వంగడమే విశ్వాసం.

రిజర్వు పెట్రోలు గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ట్యాంకు కింద పెట్రోలు కాక్ తిప్పిన తరం తగ్గిపోతోంది. పెట్రోలు అయిపోయి బండి మొరాయిస్తే కాక్ రిజర్వుకు తిప్పేవాళ్లు, బంకు దాకా పోవడానికి ఇంకొంత దూరం దొరికేది. లూకా సువార్తలో కాయని అంజూరపు చెట్టుకు తోటమాలి ఇంకొక్క ఏడాది గడువు అడుగుతాడు. ఆ గడువు రిజర్వు లాంటిదే. ట్యాంకు నింపాక కాక్ వెనక్కి తిప్పడం మరిచినవాడికి మరోసారి హెచ్చరిక అందేది కాదు. బండి ఏకంగా ఆగేది.

ఇక తప్పుడు పాఠాలు. బండి మీద ప్రభువు పేరు స్టిక్కరు అంటించుకుని, ప్రార్థన చేసి బయల్దేరాం కాబట్టి హెల్మెట్ అక్కర్లేదనే మాట చాలాచోట్ల వింటాం. ఇది విశ్వాసం కాదని మత్తయి 4వ అధ్యాయం స్పష్టంగా చెబుతోంది. దేవాలయ శిఖరం మీద నుంచి దూకు, దూతలు పట్టుకుంటారని యేసును రెచ్చగొట్టింది సాతాను. వాడు వాక్యం చూపించే రెచ్చగొట్టాడు. దేవుణ్ని శోధించకూడదని ఆయన తిరస్కరించాడు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 50,029 మంది హెల్మెట్ పెట్టుకోని ద్విచక్ర వాహనాలవాళ్లు. అందులోనూ 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రికలో రక్షణను శిరస్త్రాణంతో పోల్చాడు. రోమా సైనికుడు దాన్ని యుద్ధంలో నిజంగా తలకు పెట్టుకునేవాడు కాబట్టే ఆ పోలికకు బలమొచ్చింది. తల మీద లేని హెల్మెట్ గురించి మందిరంలో ప్రసంగం చేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఈ ఉపమాన విద్యకు విలువ వచ్చేది ఇక్కడే. ఆదివారం విన్నది సోమవారం రోడ్డు మీద పరీక్షకు నిలబడుతుంది. మంచి సమరయుడి కథ జరిగింది యెరూషలేము నుంచి యెరికోకు దిగే రోడ్డు మీద. దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ని యాజకుడు చూసి పక్కగా పోయాడు, లేవీయుడూ అంతే. సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టి, తన సొంత వాహనం మీద ఎక్కించి సత్రానికి చేర్చాడు, ఖర్చుకు రెండు దేనారాలిచ్చాడు. మన దేశపు చట్టం ప్రమాద బాధితులకు సాయపడేవాళ్లను ఆ కథలోని పేరుతోనే గుర్తించింది. వాళ్లకు రక్షణ కల్పించే మార్గదర్శకాలను 2016లో సుప్రీంకోర్టు తప్పనిసరి చేసింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ కేసులు పెట్టడానికి వీల్లేదు. పేరు, చిరునామా చెప్పమని పోలీసులు బలవంతపెట్టకూడదు. దెబ్బ తగిలిన తర్వాతి మొదటి గంటనే చట్టం కీలక సమయంగా గుర్తించింది. పోలీసు కేసుల్లో ఇరుక్కుంటామన్న పాత భయం ఇక సాకుగా చెల్లదు.

సంఘ కాపరులకు, పెద్దలకు నా మనవి. వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం బయట ఆగిన బండ్ల దగ్గరికి ఒకసారి వెళ్లండి. నడిపేవాళ్లకూ వెనక కూర్చునేవాళ్లకూ హెల్మెట్లు ఉన్నాయేమో చూడండి. లేనివాళ్లకు సంఘం తరఫున కొనివ్వండి. మెడకో వెన్నుకో దెబ్బ తగిలినవాణ్ని బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోకూడదని, 108కి ఫోన్ చేసి అంబులెన్సు వచ్చేదాకా పక్కనే ఉండాలని కుర్రాళ్లకు నేర్పించండి.