గీత తప్పని చక్రాలు

నైరుతి మేఘాలకు పడమటి కనుమలు అడ్డుపడగా, ఈశాన్య మేఘాలు తీరం దాటి లోపలికి చేరేసరికే సత్తువ ఉడిగిపోగా, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన ఎరిగిన అనంతపురం పీఠభూమిలో నిలబడి మంచుగడ్డ మీద సాగే ఫిగర్ స్కేటింగ్ గురించి మాట్లాడటం మొదట విడ్డూరంగానే తోస్తుంది. అయితే ఈ విద్యకు మంచు తప్పనిసరి కాదు. బూటు అడుగున ఉక్కు పలకకు బదులు నాలుగు చక్రాలు బిగించి, నున్నని గచ్చు మీద అవే మలుపులు, అవే గెంతులు చేసే ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్ తెలుగు నేలలో బాగానే వేళ్లూనుకుంది. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పురుషుల ఫ్రీ స్కేటింగ్‌లో ఒకటి, అవనీ పంచాల్‌తో జంటగా మరొకటి, రెండు కాంస్య పతకాలు గెలిచి 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల మహిళల విభాగానికి వెళ్లిన దొంతర గ్రీష్మ, ఆకుల సాయి సంహిత ఇద్దరూ తెలుగు ఇంటిపేర్లవారే. వారి తరువాతి వరుసలోని మాత్రపు జెస్సీ రాజ్ ఇదే విద్యకుగాను 2024 డిసెంబరులో ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కారం పొందింది.

మంచు మీద కూడా మహిళల స్కేటింగ్‌లో అనుభవశాలికీ చిన్నపిల్లకూ ఒకే బరిలో పోటీ పెట్టడం కొత్త సంగతి కాదు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల స్వర్ణం గెలిచిన మాడ్జ్ సైయర్స్‌కు అప్పటికి 27 ఏళ్లు. 1924 శీతాకాల ఒలింపిక్స్‌లో పోటీకి దిగిన నార్వే బాలిక సోన్యా హెనీకి 11. తొంభై ఏళ్ల తరువాత, 2014 సోచి ఒలింపిక్స్ పతకాల మెట్ల మీద 17 ఏళ్ల అడెలినా సోత్నికోవా, 23 ఏళ్ల యునా కిమ్, 27 ఏళ్ల కరోలినా కోస్ట్నర్ వరుసగా నిలబడ్డారు. ఏ వయసుకు ఏది చేతనవుతుందో తెలియాలంటే పతకాల పట్టిక చాలదు, కాలి కింది సరంజామా దగ్గరనుంచి మొదలుపెట్టాలి.

పాతకాలపు చక్రాల బూటు ఎద్దులబండి ఇరుసులా బిగిసి ఉండేది. నేరుగా పోవడానికి తప్ప ఒంపు తిరగడానికి అది ఒప్పుకునేది కాదు. 1863లో న్యూయార్కుకు చెందిన జేమ్స్ ప్లింప్టన్ ముందు రెండు చక్రాలకు ఒక ఇరుసు, వెనుక రెండింటికి ఒక ఇరుసు అమర్చి, వాటికీ బూటు పలకకూ మధ్య రబ్బరు దిండు పెట్టి పేటెంటు పొందడంతో పరిస్థితి మారిపోయింది. మనిషి ఏ పక్కకు ఒరిగితే ఆ పక్క రబ్బరు నొక్కుకుపోయి, ఇరుసులు ఒకదానివైపు ఒకటి వాలి, చక్రాలు ఆ పక్కకే వంపు తీసుకుంటాయి. ఈ ఒరుగునే స్కేటర్లు ఎడ్జ్ అంటారు. పాదం లోపలి వైపు ఒరిగితే ఇన్‌సైడ్, బయటి వైపు ఒరిగితే అవుట్‌సైడ్. రెండూ ముందుకు సాగుతూ చేయవచ్చు, వెనక్కి సాగుతూ చేయవచ్చు కనుక ఒక్కో కాలికి నాలుగు చొప్పున మొత్తం ఎనిమిది ఎడ్జ్‌లు. ఈ విద్య మొత్తం ఆ ఎనిమిదింటి మీదనే నిలిచి ఉందంటే అతిశయోక్తి కాదు.

వాటిని పరీక్షించేది ఫిగర్స్ అనే విభాగం. గచ్చు మీద 6 మీటర్ల వ్యాసంతో రంగు గీతతో వలయాలు గీసి ఉంటాయి. స్కేటర్ రెండు వలయాలు కలిసే చోట నిశ్చలంగా నిలబడి, ఒక్క తోపుతో బయలుదేరి, ఒంటికాలి మీద వలయమంతా, అంటే దాదాపు 19 మీటర్లు, గీత తప్పకుండా చుట్టి మొదలైన చోటికే రావాలి. పారాగ్రాఫ్ అనే కఠినమైన రకంలో అదే ఒక్క తోపు, అదే ఒక్క కాలు రెండు వలయాలకూ సరిపోవాలి. మధ్యలో ముందుకు సాగుతున్న కాలు వెనక్కి తిరిగే త్రీ టర్న్, దానికి ఎదురు దిశలో తిరిగే బ్రాకెట్ వంటి మలుపులు కూడా నిర్ణీత స్థానంలోనే పడాలి. రెండో తోపు లేనందువల్ల వేగాన్ని మోకాలి వంపుతో, ఖాళీ కాలును వెనుకనుంచి ముందుకు నెమ్మదిగా జరపడంతో కాపాడుకోవాలి. భుజం ఒక్క వేలెడు ముందు తిరిగినా చక్రం గీత విడిచిపోతుంది. జడ్జీలు గచ్చు మీదికే వచ్చి దగ్గరగా నిలబడి, చక్రాలు ఎక్కడ జారాయో, ఎక్కడ ఎడ్జ్ మారిందో చూస్తారు. ఫిగర్స్‌కోసమే రబ్బరు దిండ్లు కాస్త వదులుగా ఉంచి, ముందుభాగపు టో స్టాపర్ తీసేసిన వేరే జత బూట్లు వాడేవారు చాలామంది. చూసేవారికి ఇదంతా నీరసంగా ఉంటుందన్నది నిజమే. చప్పట్లు కొట్టాల్సిన ఘట్టం ఇందులో ఒక్కటీ రాదు.

చప్పట్లన్నీ ఫ్రీ స్కేటింగ్‌వి. సంగీతానికి అనుగుణంగా గెంతులు, గిర్రున తిరిగే స్పిన్‌లు, పాదాల నడకలు కూర్చిన ప్రదర్శన అది. గెంతుల పేర్లు మంచు మీదివే: ముందుకు చూస్తూ లేచి, వెనక్కి దిగడంవల్ల అరచుట్టు అదనంగా తిరిగే ఆక్సెల్, వెనుక లోపలి ఎడ్జ్ మీదనుంచి లేచే సాల్కో, టో స్టాపర్‌ను నేలకు తన్ని లేచే టో లూప్, ఫ్లిప్, లుట్జ్. వీటిలో లుట్జ్ మోసకారి, ఎందుకంటే శరీరం ఒక దిక్కుకు వంపు తిరుగుతూ వచ్చి గాలిలో దానికి ఎదురు దిక్కున తిరగాలి. స్పిన్‌లలో మాత్రం చక్రాలకు సొంత సొత్తు ఉంది: శరీరాన్ని నేలకు సమాంతరంగా వంచి వెనుక రెండు చక్రాల మీదనే తిరిగే హీల్ కేమెల్, చీలమండను లోపలికి విరిచినట్టు ఒరిగించి లోపలి రెండు చక్రాల మీద తిరిగే బ్రోకెన్ యాంకిల్ వంటివి ఉక్కు పలక మీద సాధ్యం కావు.

గాలిలో తిరగడం అనేది సన్నని, తేలికైన శరీరానికి అనుకూలించే పని. తుంటి, భుజాలు వెడల్పు కాకముందు ఆడపిల్ల చేతులు దగ్గరికి ముడుచుకుంటే చటుక్కున వేగం పుంజుకుంటుంది. యుక్తవయసు వచ్చాక అదే గెంతుకు మరింత బలం, మరింత ఎత్తు కావాలి. పోటీలో నాలుగు చుట్ల గెంతును తొలిసారి దిగ్విజయంగా చేసిన మహిళ, జపాన్‌కు చెందిన మికి ఆండో, 2002లో ఆ పని చేసేనాటికి 14 ఏళ్ల పిల్ల. మంచు మీద ఫిగర్స్ ఉన్నంతకాలం ఈ తేలికతనానికి ఒక ఎదురు తూకం ఉండేది. 1972 సప్పోరో ఒలింపిక్స్‌లో ఆస్ట్రియాకు చెందిన ట్రిక్సీ షూబా ఫ్రీ స్కేటింగ్‌లో 7వ స్థానంలో నిలిచి కూడా ఫిగర్స్ బలంతో స్వర్ణం గెలిచింది. టెలివిజన్ ప్రేక్షకులకు అది మింగుడుపడలేదు. ఫిగర్స్‌కు మార్కుల వాటా తగ్గుతూ వచ్చి, 1990 తరువాత అంతర్జాతీయ పోటీల్లో పూర్తిగా పోయింది. ఎనిమిదేళ్లు తిరగకముందే 15 ఏళ్ల టారా లిపిన్‌స్కీ ఒలింపిక్ విజేత అయింది. చివరికి 2022 జూన్‌లో అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ సీనియర్ల కనీస వయసును 15నుంచి అంచెలంచెలుగా 17కు పెంచాల్సి వచ్చింది. తూకపురాయిని తీసిపారేసి, తరువాత తక్కెడకు చట్టం రాసినట్టయింది ఈ వ్యవహారం.

చక్రాల మీద మాత్రం ఫిగర్స్ ప్రత్యేక పోటీగా బతికే ఉంది. మన జాతీయ పోటీల్లో దానికి వేరుగా పతకాలున్నాయి. అనుభవం వయసుతోపాటు పెరిగే విభాగం ఒకటి మిగిలి ఉండటంవల్ల పెద్ద స్కేటర్ తనకంటే పదేళ్లు చిన్నదాన్ని గెంతులతోనే ఎదుర్కోవాల్సిన అగత్యం తప్పుతుంది. పిల్లకు కలిగే లాభం ఇంకా పెద్దది. ఎడ్జ్ నిలవని కాలు గెంతినప్పుడు ఎంత ఎత్తు లేచినా దిగుడులో బయటపడుతుంది. వెనుక అవుట్‌సైడ్ ఎడ్జ్ మీద దిగి వంపుగా సాగిపోవడమే దాదాపు అన్ని గెంతులకూ ముగింపు, ఆ వంపును నేర్పేది వలయమే. తల్లిదండ్రుల తొందరకు తలవంచి ఆక్సెల్‌తో మొదలుపెట్టించే శిక్షణ, పిల్ల చీలమండల మీద అప్పు చేసి పతకం కొనడం లాంటిదేనని కటువుగానైనా చెప్పక తప్పదు.

ఇక గచ్చు సంగతి. అనంతపురం జిల్లాలో ఇంటింటా పరిచే తాడిపత్రి బండలు సానబెడితే నున్నగా అవుతాయి గాని, బండకూ బండకూ మధ్య సందు పూర్తిగా పూడకపోతే 60 మిల్లీమీటర్ల చక్రానికి అది గుంతతో సమానం. మరీ మెరుగు పెడితే పట్టు చాలక ఎడ్జ్ జారుతుంది. అందుచేత అతుకులు లేకుండా నునుపు చేసిన సిమెంటు గచ్చు మేలు. పీఠభూమి గాలికి కొట్టుకొచ్చే సన్న ఇసుకను సాధనకు ముందు ప్రతిసారీ ఊడ్చాలి, ఒక్క రేణువు చక్రం కింద పడినా ఒంటికాలి మీద ఉన్నవారు తూలుతారు. ఫిగర్స్‌లో అన్నిటికంటే పొడవైన నమూనాకు మూడు వలయాలు వరుసగా కావాలి, అవి 18 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పులో పడతాయి. చదునుగా ఉన్న ప్రామాణిక కొలతల బడి బాస్కెట్‌బాల్ కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉంటుంది కనుక అలాంటి వరుసలు రెండు పక్కపక్కన గీసి, ఒకదాని మీద పెద్దవాళ్లను, రెండోదాని మీద పిల్లలను ఒకే వేళకు సాధన చేయించవచ్చు.