పుష్పక్ ఎవరి పేర ఉంది?

ఈ వారం మా మేనల్లుడు ఒక ఫొటో పంపాడు. ఏదో ఫ్లయింగ్ క్లబ్బు షెడ్డులో, రెక్కలు విప్పి గోడకు చేరేసిన పాత పుష్పక్ విమానం. కింద ఒకటే ప్రశ్న: "మావయ్యా, ఇది ఎవులిది?" పక్కన బోర్డుంది గానీ, దాని మీద విమానం పేరు కంటే దానమిచ్చిన పెద్దమనిషి పేరే పెద్దక్షరాల్లో ఉంది. నాకు ఒళ్ళు మండింది.

బోర్డులతో నాది పాత గొడవే. యంత్రం తోలినవాడిది, తుడిచినవాడిది, కాగితం మీద పేరున్నవాడిది కాదని నా వాదన. అందుకు సాక్ష్యం మా నౌపడ చిన్న రైలే. పర్లాకిమిడి రాజావారు సొంత డబ్బుతో వేయించిన రెండున్నర అడుగుల పట్టాల మీద 1900లో మొదలైంది. తర్వాత గుణుపూరు దాకా సాగింది. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళ చేతికెళ్ళింది, సౌత్ ఈస్టర్న్ అయింది, ఈస్ట్ కోస్ట్ అయింది. 2004లో దాన్ని ఆపేసి, ఆ పట్టాలు పీకి, తర్వాత పెద్దవి వేశారు. ఇన్ని చేతులు మారినా ఎక్కేవాళ్ళకి అది చిన్న రైలే. ఉప్పుమళ్ళ గాలి కొట్టే ఆ స్టేషన్లో ఓనరెవరని ఎవరడిగారు గనక?

పుష్పక్‌కీ అదే సూత్రం చెబుదామనుకున్నాను. విమాన రూపకర్త ఘాటగే గారి బృందం బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో చేసిన ఈ రెండు సీట్ల బండి మొదట ఎగిరింది 1958 సెప్టెంబరు 28న. తొంభై గుర్రాల ఇంజను, పైన గుడ్డ. నూట అరవై దాకా చేస్తే ఎక్కువభాగం ఫ్లయింగ్ క్లబ్బులకే వెళ్ళాయి.

"దీన్ని మళ్ళీ ఎగరెయ్యాలట" అని మావాడు ఇంకో ముక్క పంపాడు. అక్కడ నా సూత్రం చతికిలబడింది. గుడ్డ పాతబడితే మారుస్తారు, ఇంజను మారుతుంది, ప్రొపెల్లరు మారుతుంది. తుడిచిన చెయ్యి గుర్తు ఎక్కడా మిగలదు. మిగిలేది నంబరూ, లాగ్ పుస్తకాలూ. ఆ ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో, ఎవరు విప్పారో అవే చెప్పాలి. అమ్మినప్పుడల్లా అవి విమానంతో పాటే వెళ్ళాలి. రైలు ఆగితే దిగి నడిచిపోతాం; గాల్లో విమానం ఆగితే అలా కుదరదు.

చేతులు మారిన లెక్క రాయడంలో వాల్మీకి జాగ్రత్తపరుడు. పుష్పకాన్ని బ్రహ్మ కుబేరుడికిచ్చాడు, రావణుడు లాక్కున్నాడు, రాముడు నందిగ్రామంలో దిగగానే తిరిగి కుబేరుడి దగ్గరికే పంపేశాడు. ఇదివరకు అందులో నాకు రాముడి మర్యాదే కనిపించేది. ఇప్పుడు మంచి గుమాస్తా పనితనం కూడా కనిపిస్తోంది.

మావాడికి ఇలా రాశాను: బోర్డు మీది పెద్దమనిషి ఇంటికెళ్ళి వినయంగా మాట్లాడు, పుస్తకాలు ఆయన బీరువాలోనే ఉండొచ్చు. ఎయిర్‌ఫ్రేమువి, ఇంజనువి, ప్రొపెల్లరువి వేరువేరుగా చూడు. ఓనర్ల పేర్లు వరసగా రాసుకో. మధ్యలో సంవత్సరాలు ఖాళీగా కనిపిస్తే, అప్పుడు అది ఏ షెడ్డులో పడుందో అడుగు.