పాత ఫ్రిజ్‌కు థర్మోస్టాట్ వెతకడం

కంప్రెసర్ ఎప్పుడు నడవాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించే మీట థర్మోస్టాట్. చలిదేశాల్లో అది గోడకు ఉండి ఇంటిని వెచ్చబెట్టే యంత్రాన్ని నడుపుతుంది. 1953లో హనీవెల్ తెచ్చిన గుండ్రటి మోడల్ దశాబ్దాల పాటు అమెరికా ఇళ్ల గోడల మీద ఉంది. తెనాలి, బాపట్ల, రేపల్లె ఇళ్లకు ఆ అవసరం లేదు. ఇక్కడ థర్మోస్టాట్ అంటే ఫ్రిజ్‌లో దీపం పక్కన తిప్పే నాబ్, దాని వెనకున్న చిన్న రేకు డబ్బా. ఫ్రిజ్ తయారైన కంపెనీ మూతపడితేనో చేతులు మారితేనో ముందుగా దొరకకుండా పోయే విడిభాగాల్లో ఇదొకటి.

ఈ ప్రాంతంలో అలాంటి ఫ్రిజ్‌ల జాబితాలో మొదటి పేరు ఆల్విన్. 1942లో నిజాం కాలంలో హైదరాబాద్‌లో పుట్టిన ఆ సంస్థ బస్సుల బాడీలు, గడియారాలు, ఫ్రిజ్‌లు తయారుచేసింది. 1990లలో దాని ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్ చేతికి వెళ్లింది. కెల్వినేటర్ ఆఫ్ ఇండియా 1995లో వర్ల్‌పూల్ వశమైంది. పేర్లు మారినా ఆనాటి మందపాటి రేకు ఫ్రిజ్‌లు ఇంకా కొన్ని ఇళ్లలో నడుస్తున్నాయి. వాటిని పారేయమనడం తేలిక. కంప్రెసర్ బాగుండి, తలుపు రబ్బరు బిగువుగా ఉండి, ఒక్క చిన్న భాగం పోయిన కారణానికే ఫ్రిజ్ మొత్తాన్ని పాత ఇనుము కొట్టుకు పంపడం పనిమంతుడికి మనసొప్పని పని.

థర్మోస్టాట్ లోపల జరిగేది ఇది. సన్నని రాగి గొట్టం, దాని ఒక చివర మూసి ఉంటుంది. మరో చివర ముడతలు ముడతలుగా ఉండే లోహపు తిత్తికి కలుస్తుంది. లోపల కొద్దిగా వాయువు నింపి ఉంటుంది. గొట్టం కొస ఫ్రీజర్ రేకును తాకుతూ ఉంటుంది. అక్కడ చలి పెరిగితే లోపలి పీడనం తగ్గి తిత్తి ముడుచుకుంటుంది, స్ప్రింగు టక్కున అవతలికి వాలి కరెంటు తెగుతుంది. వేడెక్కితే తిత్తి ఉబ్బి కాంటాక్టులు మళ్లీ కలుస్తాయి. నాబ్ తిప్పితే మారేది ఆ తిత్తిని అదిమిపట్టే స్ప్రింగు బిగువు మాత్రమే. ఈ తిత్తి బయటి గాలి పీడనానికి ఎదురుగా పనిచేస్తుంది కాబట్టి ఎత్తైన ఊళ్లలో అదే థర్మోస్టాట్ మరింత చల్లబరుస్తుంది. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న ఈ డెల్టా ఊళ్లకు ఆ సర్దుబాటు అక్కర్లేదు.

ఇక్కడే ఒక అపోహ తొలగించాలి. ఆ గొట్టంలోని వాయువు వేరు, కంప్రెసర్ తిప్పే గ్యాస్ వేరు. థర్మోస్టాట్ గొట్టం చిల్లుపడితే లోపలి పీడనం పోతుంది. తిత్తి దాన్ని విపరీతమైన చలిగా లెక్కగట్టి ఫ్రిజ్‌ను నడవనివ్వదు. దానికి గ్యాస్ ఛార్జింగ్ అక్కర్లేదు. ఈ తేడా చెప్పకుండా రెండింటికీ కలిపి డబ్బు తీసుకోవడం వృత్తిధర్మం కాదు. పాత ఫ్రిజ్‌లో ఆర్-12 తీసి వేరే గ్యాస్ నింపినంత మాత్రాన థర్మోస్టాట్ మార్చాల్సిన పని కూడా లేదు. అది చూసేది ఉష్ణోగ్రతను, గ్యాస్ రకాన్ని కాదు.

లోపం ఎక్కడుందో తేల్చడం కొనడానికి ముందు పని. ప్లగ్ తీసి, థర్మోస్టాట్‌కు వచ్చే రెండు తీగలను కలిపి కట్టి, మళ్లీ కరెంటు ఇస్తే కంప్రెసర్ నడిచిందా, లోపం థర్మోస్టాట్‌లోనే. మెకానిక్‌లు దీన్ని డైరెక్ట్ చేయడం అంటారు. పరీక్షకు అది సరే. ఫ్రిజ్‌ను అలాగే వదిలేసి వెళ్లకూడదు, కంప్రెసర్ ఆగకుండా నడిచి పాడవుతుంది. ఆగని ఫ్రిజ్‌కు కారణాలు వేరు: కాంటాక్టులు అతుక్కుపోవడం, లేదా గొట్టం కొస ఫ్రీజర్ రేకు నుంచి జారి గాలిలో వేలాడటం. రెండోది పైసా ఖర్చు లేని రిపేరు. శబ్దం కూడా దారి చూపుతుంది. నాబ్ దగ్గర టక్ వినిపిస్తే థర్మోస్టాట్. వెనక కిందివైపు కొద్ది నిమిషాలకోసారి టక్ వినిపిస్తే ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్. దానికి లో వోల్టేజీనో రిలేనో కారణం కావచ్చు. వేసవి సాయంత్రాల్లో కరెంటు నీరసించినప్పుడు ఆగే ఫ్రిజ్‌కు కొత్త థర్మోస్టాట్ వేసి లాభం లేదు.

బాపట్ల దగ్గర సూర్యలంక, రేపల్లె దిగువన నిజాంపట్నం వైపు ఉప్పుగాలి మరో శత్రువు. టెర్మినళ్లకు పచ్చగా కిలుం పడుతుంది, లగ్గులు వదులై వేడెక్కుతాయి. ఇలాంటిచోట కొన్నిసార్లు థర్మోస్టాట్ నిక్షేపంగా ఉంటుంది. లగ్గులు మార్చి, టెర్మినళ్లను గీకి శుభ్రం చేస్తే సరిపోతుంది. తిత్తి వాయువు పోయినదాన్ని మాత్రం కొట్టులో బాగుచేయలేరు.

పాత నంబరున్న థర్మోస్టాట్ దొరకదని తేలాక, జోడు వెతకడం మొదలవుతుంది. నంబరు దొరకకపోయినా గుణాలు కలవాలి. మొదట చూడాల్సింది ఏ రకమన్నది. ర్యాంకో కంపెనీ పద్ధతిలో కె50 మామూలు రకం: నాబ్ తిప్పితే ఆగే వేడీ, మొదలయ్యే వేడీ రెండూ మారతాయి. కె59లో ఎక్కడ ఆగినా, మళ్లీ మొదలయ్యేది మాత్రం ఎప్పుడూ సున్నాకు పైన, ఒకే చోట. అందువల్ల ప్రతి విడతలోనూ రేకు మీద మంచు కరిగిపోతుంది. కె60 మధ్యలో నొక్కే బటన్ ఉన్న రకం: నొక్కితే మంచు కరిగేదాకా కంప్రెసర్ ఆగి, తర్వాత తనంతట తానే నడుస్తుంది. ఒకదాని స్థానంలో మరొకటి వేస్తే ఫ్రిజ్ నడుస్తుంది కానీ దాని నడవడి మారుతుంది. తర్వాత గొట్టం పొడవు. పొడవైతే చుట్టచుట్టి దాచవచ్చు, పొట్టిదైతే అతుకు వేయడానికి వీల్లేదు. నాబ్ ఎక్కే ఇరుసు ఆకారం, బిగించే మరల దూరం, టెర్మినళ్ల సంఖ్య ఆ తర్వాత.

తెనాలిలో దొరకనిది విజయవాడలో అడుగుతారు. అక్కడా లేకపోతే మిగిలేది పాత ఇనుము కొట్లలోని ఫ్రిజ్‌ల నుంచి విప్పిన థర్మోస్టాట్. దాన్ని పరీక్షించకుండా వేయకూడదు. పరీక్షకు కావలసినవి చేపల రేవుల పక్కన సులువుగా దొరికే ఐసు, చినగంజాం కొటార్ల నుంచి వచ్చే కల్లుప్పు, ఒక థర్మామీటరు, ఒక టెస్ట్ ల్యాంపు. ఐసుకు ఉప్పు కలిపితే చలి సున్నాకు చాలా దిగువకు, మైనస్ 15 దాటి, వెళుతుంది. టెస్ట్ ల్యాంపును థర్మోస్టాట్ గుండా కలిపి, గొట్టం కొసను అందులో ముంచితే ఎక్కడో ఒకచోట దీపం ఆరాలి. తీసి చల్లని నీళ్లలో పెట్టి నెమ్మదిగా వేడెక్కనిస్తే మళ్లీ వెలగాలి. దీపం ఆరిన, వెలిగిన అంకెలు రెండూ కాగితం మీద రాసుకుంటే, ఆ థర్మోస్టాట్ ఏ ఫ్రిజ్‌కు పనికొస్తుందో తెలుస్తుంది. కొసకు తప్ప డబ్బాకూ టెర్మినళ్లకూ నీరు తగలకూడదు.

బిగించేటప్పుడు గొట్టాన్ని మడతపడకుండా పెద్ద వంపుల్లో తిప్పాలి. చివరి అరజానెడైనా ఫ్రీజర్ రేకును గట్టిగా ఆనుకోవాలి. మిగతా గొట్టం అంతకంటే చల్లని చోటును తాకరాదు, ఎందుకంటే తిత్తి అతి చల్లని బిందువునే లెక్కలోకి తీసుకుంటుంది. డబ్బాకుండే ఎర్త్ తీగను పాత రిపేర్లలో తెంపి వదిలేసిన ఫ్రిజ్‌లు ఉంటాయి. దాన్ని తప్పకుండా కలపాలి. తడిచేత్తో పిల్లలు తెరిచే వస్తువు ఫ్రిజ్.

అసలు కష్టం ఇక్కడి నుంచే అంటారు మెకానిక్‌లు. థర్మోస్టాట్ వేసిన మర్నాడే ఫోన్ వస్తుంది: “అబ్బాయ్, ఎప్పుడూ మూడు మీదే పెడతాను. ఇప్పుడు మూడు మీద పాలు గడ్డకడుతున్నాయి.” ఇంకొకరికి దోసెల పిండి ఒక్కరోజుకే పొంగిపోతుంది. వీళ్లను పేచీకోర్లంటారు. నిజానికి వాళ్లు చెబుతున్నవి కొలతలు. పాలు సున్నాకు అర డిగ్రీ దిగువన గడ్డకడతాయి. పిండి పులుస్తోందంటే లోపల వేడి ఎక్కువగా ఉంది. నాబ్ మీది అంకె డిగ్రీ కాదు, ఒక థర్మోస్టాట్ మూడు మరో దాని మూడు కాదు. మధ్య అరలో గ్లాసు నీళ్లు పెట్టి, అందులో రాత్రంతా థర్మామీటరు ఉంచితే తెల్లవారేసరికి తగువు తీరుతుంది. 2 నుంచి 5 డిగ్రీలు వచ్చిన చోట నాబ్ మీద రంగుచుక్క పెట్టి, “ఇదే మీ పాత మూడమ్మా” అని చూపితే చాలు. నాబ్ చివరిదాకా తిప్పినా ఆ వేడి రాకపోతేనే లోపలి సర్దుబాటు మరను ముట్టాలి, అదీ పావు చుట్టుకు మించకుండా. మళ్లీ చూడటానికి ఒక రోజు ఆగాలి.

ఏ జోడూ కుదరనప్పుడు డిజిటల్ కంట్రోలర్ ఉంది. సన్నని తీగ చివర సెన్సర్, బయట అంకెలు చూపే పెట్టె. దాన్ని లోపలి గాలిలో పెట్టిన సెన్సర్‌తో నడిపినప్పుడు అంకెలు గాలివి, రేకువి కావు. పాత థర్మోస్టాట్ అంకెలను యథాతథంగా అందులో పెట్టరాదు. కంప్రెసర్ ఆగిన వెంటనే మళ్లీ మొదలుకాకుండా మూడు నుంచి ఐదు నిమిషాల ఆలస్యం పెట్టాలి, అప్పటికి గ్యాస్ పీడనం రెండువైపులా సమమవుతుంది. ఫ్రిజ్ పక్కన పెట్టె వేలాడటం ఇష్టంలేని ఇల్లాలికి ఆ మాట ముందే చెప్పి, ఆమె ఒప్పుకున్నాకే తీగ కోయాలి.