గిజిగాడి ఆంగికం

గిజిగాడి గూటిని మెచ్చనివాళ్లు లేరు. నన్ను మాత్రం ఆ గూటికన్నా, దాని చుట్టూ జరిగేదాన్ని పూసగుచ్చినట్టు రాసిపెట్టే రాత ఎక్కువగా కట్టిపడేస్తుంది.

1930లో, చేతిలో ఉద్యోగం లేని రోజుల్లో, పక్షిశాస్త్రవేత్త సలీం అలీ బొంబాయికి ఆవలి ఒడ్డున కిహిమ్‌లో ఉన్నాడు. ఇంటి దగ్గరే గిజిగాళ్లు గుంపుగా గూళ్లు కడుతున్నాయి. నెలల తరబడి వాటిని చూశాడు, రాసుకున్నాడు. మరుసటి ఏడు వ్యాసం అచ్చయింది. పక్షుల కాపురం గురించి ఇంత ఉత్కంఠగా సాగే కథ మరొకటి నాకు తెలియదు.

ఇలాంటి రాతకు ఒక కట్టుబాటు ఉంది. ‘మగపిట్ట మురిసిపోయింది’ అని రాయకూడదు. ‘గూటి అంచు పట్టుకుని వేలాడింది, రెక్కలు టపటపలాడించింది, కూసింది’ అని రాయాలి. ఇది నాట్యశాస్త్రం రాసిన భరతుడి దారే. గుండెలోని భావం కంటికి కనబడదు, కనబడేది దాన్ని బయటపెట్టే చేష్ట, అంటే అనుభావం. తల కదలికలకూ చూపులకూ ఆయన వేరువేరు పేర్లు పెట్టినట్టే, పరిశీలకుడూ పీచు చీల్చడం, ముడి వేయడం, తడిమట్టి అద్దడం, తరిమికొట్టడం అంటూ ఒక్కో చేష్టకు ఒక్కో పేరు పెట్టి పట్టిక కడతాడు. వర్గీకరణ రసాన్ని ఎండబెడుతుందనేవాళ్లతో నేను ఏకీభవించను. పేరు తెలిశాకే ఆ చేష్ట కంటికి ఆనుతుంది.

కానీ కన్ను మెరిసేదాని వెంటే పరుగెడుతుంది. పసుపు తలపాగాతో ఊగే మగపిట్టనే చూస్తాం. 1974లో జంతు ప్రవర్తన పరిశోధకురాలు జీన్ ఆల్ట్‌మన్ రాసిన వ్యాసం ఈ పక్షపాతానికి పగ్గం వేసింది: ముందే ఒక జీవిని ఎంచుకుని, అనుకున్నంతసేపు అది చేసినదంతా రాయాలి. పిచ్చుకలా కనబడే ఆడపిట్టను అలా పట్టుకుంటే నాటకం తిరగబడుతుంది! మగది గూడు సగం అల్లి, అడుగున అడ్డంగా ఒక పట్టీ మిగిల్చి ఆగుతుంది; దీన్నే శిరస్త్రాణ దశ అంటారు. ఆడది వస్తుంది. గుంపులోని మగవన్నీ ఒక్కసారిగా రెక్కలాడిస్తాయి. అది మాత్రం ఒక గూటిలో దూరి, పీచు లాగి చూసి, వెళ్లిపోతుంది. మరో గూటికి, ఇంకో గూటికి. ఆ తాపీ పరీక్షలోనే నాయిక ఉంది. తీర్పు ఆమెది. ఒప్పుకుంటేనే మగది గుడ్లగదినీ కింది గొట్టాన్నీ పూర్తిచేస్తుంది.

ఆ తర్వాత సలీం అలీ పట్టుకున్న మలుపు వస్తుంది: ఆమె లోపల పొదుగుతుండగా మగది మరో గూడు మొదలుపెట్టి, ఇంకొక ఆడపిట్టకోసం రెక్కలాడిస్తుంది. మనమైతే వెంటనే ద్రోహం అనేస్తాం. పట్టికలో ఆ గడి లేదు. పీచు చీల్చడం, ముడి వేయడం అన్న పాత గడులే మళ్లీ నిండుతాయి. సగం కట్టి వదిలేసిన గూళ్లలో చాలావరకు ఒప్పుదల దొరకని పిలుపులని ఆ గడులే చెబుతాయి.