డ్రైవ్ తగ్గించి, లెవెల్ పెంచి

ఓవర్‌డ్రైవ్ పెడల్ చేతికి రాగానే కొత్త గిటారిస్టులు చాలామంది డ్రైవ్ నాబ్‌ను చివరిదాకా తిప్పేస్తారు. ఏళ్ల తరబడి దాంతో వేదికలెక్కినవాళ్ల పెడల్ చూస్తే లెక్క తలకిందులుగా కనిపిస్తుంది: డ్రైవ్ అడుగున, లెవెల్ దాదాపు పూర్తిగా, టోన్ నడిమధ్య. ఆ పెడల్ ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ అయితే మరీను. ఈ ఆకుపచ్చ డబ్బా గరగరను తానే పుట్టించడం కన్నా, తన తర్వాత ఉండే వాల్వ్ ఆంప్‌చేత పుట్టించడంలో ఎక్కువ నేర్పరి. పాత ట్యూబ్ స్క్రీమర్‌కు ఎందుకంత గిరాకీయో తెలుసుకోవాలంటే ఈ అమరిక దగ్గరే మొదలుపెట్టాలి.

వాల్వ్ ఆంప్లిఫయర్‌ను చిన్న వాల్యూమ్‌లో వాడితే గిటార్ స్వచ్ఛంగా పలుకుతుంది. పెంచుతూ పోతే ఒక దశలో వాల్వ్‌లు మోయలేక తరంగ శిఖరాలను నొక్కేస్తాయి. ఆ నొక్కుడులో కొత్త హార్మోనిక్స్ పుడతాయి, నాదం చిక్కబడుతుంది, తీగ ఎక్కువసేపు మోగుతుంది. అయితే ఆ దశకు చేరేసరికి ఇరుగుపొరుగు తలుపు తడతారు. 1964లో కింక్స్ బృందం గిటారిస్ట్ డేవ్ డేవిస్ ఓ చిన్న ఆంప్ స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో చీల్చి మరీ ఆ బొంగురు తెచ్చుకున్నాడు. అంతకు రెండేళ్ల ముందే మాస్ట్రో ఫజ్ టోన్ పెడల్ అమెరికా బజారులోకి వచ్చింది. ఫజ్ మాత్రం తరంగం తలను కత్తితో కోసినట్టు నరికేస్తుంది. వేలు మెత్తగా మీటినా గట్టిగా మీటినా దాదాపు ఒకే జవాబు వస్తుంది. గిటారిస్టులు కోరుకున్నది వేరు: వాల్వ్ ఆంప్ లాగే మెల్లమెల్లగా బరువెక్కి, మెల్లమెల్లగా తేలికపడే ధ్వని.

జపాన్‌లో ఆ కోరిక తీర్చే ప్రయత్నాలు వరసగా జరిగాయి. 1977లో బాస్ సంస్థ ఓడీ-1 తెచ్చింది. 1979లో ఐబనెజ్ పేరుతో ట్యూబ్ స్క్రీమర్ టీఎస్808 వచ్చింది. ఐబనెజ్ పేరు హోషినో గక్కి సంస్థది. పెడల్ తయారుచేసింది నిస్షిన్ ఓన్‌పా. సర్క్యూట్ గీసిన ఇంజనీరు సుసుము తమురా. స్వదేశంలో నిస్షిన్ ఇదే సర్క్యూట్‌ను మాక్సన్ ఓడీ808 అనే సొంత పేరుతో అమ్మింది. ఓడీ-1 తరంగం పై సగాన్నీ కింది సగాన్నీ వేర్వేరుగా నొక్కితే, తమురా రెండింటినీ సమానంగా నొక్కాడు.

ఎలా నొక్కాడన్నదే ఇందులో అసలు అందం. డబ్బాలో ఆప్ ఆంప్ అనే చిన్న ఐసీ సంకేతాన్ని పెంచుతుంది. డ్రైవ్ నాబ్‌ను బట్టి సుమారు 12 రెట్ల నుంచి 118 రెట్ల దాకా. ఆ ఐసీ అవుట్‌పుట్ నుంచి వెనక్కి తిరిగివచ్చే దారిలో రెండు సిలికాన్ డయోడ్‌లు ఎదురెదురుగా కూర్చుంటాయి. సంకేతం చిన్నగా ఉన్నంతసేపూ అవి మూసుకుని ఉంటాయి, పెంపు పూర్తిగా జరుగుతుంది. సంకేతం అర వోల్టు దాటుతుండగా అవి తెరుచుకోవడం మొదలుపెడతాయి, పెంపు దానంతటదే తగ్గిపోతుంది. అందుకే శిఖరం విరగదు, గుండ్రబడుతుంది. పైగా ఈ ఏర్పాటులో గిటార్ పంపిన అసలు సంకేతం పోకుండా, నొక్కిన సంకేతంతో కలిసి బయటికొస్తుంది. పిక్ తీగకు తగిలిన తొలి క్షణం స్పష్టంగా వినబడేది దీనివల్లే.

రెండో మలుపు ఇంకా గొప్పది. పెంపు అన్ని స్థాయిలకూ సమానంగా దక్కదు. ఒక 4.7 కిలో ఓముల రెసిస్టర్, ఒక 0.047 మైక్రోఫారడ్ల కెపాసిటర్ కలిసి సుమారు 720 హెర్ట్జ్ దగ్గర హద్దు గీస్తాయి. దాని పైనున్నవాటికి పెంపు పూర్తిగా అందుతుంది, కిందికి పోయేకొద్దీ తగ్గుతూ వస్తుంది. గిటార్‌లో ఆరో తీగ ఖాళీగా మోగితే 82 హెర్ట్జ్. ఆ మంద్ర స్వరం దాదాపు శుభ్రంగా దాటిపోతుంది, దాని పై హార్మోనిక్సే ఎక్కువగా గరగరలాడతాయి. లావు తీగల మీద కార్డ్ మీటినా ధ్వని ముద్దకట్టకపోవడానికి కారణం ఇది. ఆ తర్వాతి దశ పైనున్న కరకును కూడా కోసేస్తుంది. కిందా పైనా తగ్గి, నడిమి స్థాయి ఉబ్బుతుంది.

ఒంటరిగా వింటే ఈ నడిమి ఉబ్బు కొందరికి ముక్కుతో పాడినట్టుంటుంది. బృందంతో వాయించినప్పుడు దాని విలువ తెలుస్తుంది. కింద బేస్ గిటార్, కిక్ డ్రమ్ ఉంటాయి. పైన సింబల్స్ ఉంటాయి. మధ్యలో మిగిలిన చోటు గిటార్‌ది. 1960ల ఫెండర్ ఆంప్‌లలో సహజంగా నడిమి స్థాయి పల్లంగా ఉంటుంది. ఆ పల్లాన్ని ఈ పెడల్ పూడుస్తుంది. టెక్సాస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ చేతిలో ఇదే జరిగింది. లావు తీగలు బిగించి, అర మెట్టు శ్రుతి దించిన స్ట్రాటోకాస్టర్, ట్యూబ్ స్క్రీమర్, గట్టిగా తెరిచిన ఫెండర్ ఆంప్. 1983లో వచ్చిన ‘టెక్సాస్ ఫ్లడ్’తో ఆ ధ్వని ప్రపంచానికి తెలిసింది. 1990లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయేదాకా అతను ఈ వరసలోని పెడల్స్‌ను వదల్లేదు.

ఇక చేతి పని. డ్రైవ్ అడుగున పెట్టి లెవెల్ పెంచితే పెడల్ పెద్దగా గరగరలాడదు. నడిమి స్థాయి బలపడిన పెద్ద సంకేతాన్ని ఆంప్ మొదటి వాల్వ్‌లోకి తోస్తుంది. ఆంప్ అప్పటికే స్వచ్ఛతకూ బొంగురుకూ అంచున ఉండాలి. అంచు దొరికాక మిగతా పని అంతా గిటార్ మీదే. గిటార్ వాల్యూమ్ 10 నుంచి 6కు దించితే రిథమ్‌కు సరిపడా శుభ్రత వస్తుంది, మళ్లీ పెంచితే సోలో. పిక్ వదిలేసి బొటనవేలితో మీటితే ఇంకో గొంతు పలుకుతుంది. కాలితో మీట నొక్కకుండానే ఇన్ని మెట్లు ఎక్కి దిగగలగడం ఈ సాధనలో మొదటి పాఠం, మంచి వాయిద్యకారుడికి కడదాకా మిగిలే పాఠం కూడా. ఫిష్ బృందం గిటారిస్ట్ ట్రే అనస్టాసియో టీఎస్808 తర్వాతి రకమైన టీఎస్9లు రెండింటిని ఒకదాని వెంట ఒకటి వాడి, దీర్ఘాలాపనలకు కావలసిన నిలకడ సాధించాడు. మెటల్ వాయించేవాళ్లు డ్రైవ్ సున్నా దగ్గర పెట్టి, అప్పటికే తీవ్రంగా గరగరలాడే ఆంప్ ముందు దీన్ని ఉంచుతారు. వాళ్లకు కావలసింది ఆ 720 హెర్ట్జ్ హద్దే: మంద్రం తగ్గి, వేగంగా మీటే కార్డ్‌లు విడివిడిగా వినిపిస్తాయి.

మీటిన తీగ తొందరగా ఆరిపోవడం తెలుగు శ్రోతకు తెలియని సమస్య కాదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకోవడం వెనక గమకానికి కావలసిన నిలకడ ఉంది. ఆయన దారి వేరు, సంగీతం వేరు. తీగకు ఆయుష్షు పోయాలన్న తపన మాత్రం ఒకటే.

ఇంత తెలిశాక సేకర్తల మధ్య నడిచే ఐసీ పురాణాన్ని ఎంతవరకు నమ్మాలో తేలికవుతుంది. తొలి టీఎస్808లలో ఎక్కువగా కనిపించే జేఆర్‌సీ4558డీ ఐసీకి పూజలు జరుగుతాయి. అదే కాలపు కొన్ని పెడల్స్‌లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 4558 కూడా ఉంది, అవీ చక్కగా పలుకుతాయి. 4558 అపురూప వస్తువేమీ కాదు. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటి విడిభాగాల బజార్లలో, లోకల్‌గా కట్టే ఆంప్లిఫయర్ల బేస్-ట్రెబుల్ బోర్డుల మీద కనిపించే మామూలు ఐసీ అది. తర్వాత వచ్చిన టీఎస్9కూ టీఎస్808కూ సర్క్యూట్‌లో ముఖ్యమైన తేడా అవుట్‌పుట్ దగ్గరి రెండు రెసిస్టర్లే: 808లో 100 ఓములు, 10 కిలో ఓములు, 9లో 470 ఓములు, 100 కిలో ఓములు. అమెరికాలో అనలాగ్ మాన్ పేరుతో పనిచేసే మైక్ పియెరా టీఎస్9లను 808 పద్ధతికి మార్చి పేరు తెచ్చుకున్నది ఈ రెండు రెసిస్టర్లతో, ఐసీతోనే. ఐసీ ప్రభావం బొత్తిగా లేదనలేం గానీ, ధరలో కనిపించేంత తేడా చెవికి వినబడదు.

మరి పాతది ఎందుకు? నలభై ఏళ్లు దాటిన పెడల్‌లో కెపాసిటర్లూ నాబ్‌లూ కొంత జారి, దేనికది తనదైన పలుకు సంతరించుకుంటుంది. అందులో కొన్ని నిజంగా గొప్పగా పలుకుతాయి, కొన్ని పలకవు. అందుకే కొనేవాళ్లు తమ గిటార్‌తో, తమ ఆంప్‌తో విని కొనాలి. అడుగు పలక విప్పి బ్యాటరీ కారిన మరక ఉందేమో చూడాలి, సోల్డర్ తాజాగా మెరుస్తుంటే ఏ భాగం మార్చారో అడగాలి. నాబ్ తిప్పితే చిటపటలాడడం పెద్ద జబ్బు కాదు, కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎండిపోతే మార్చక తప్పదు. తీసిన పాతవాటిని కవరులో పెట్టి దాచుకుంటే పెడల్ విలువ నిలుస్తుంది. 9 వోల్టుల అడాప్టర్ గుచ్చేముందు ధ్రువాలు సరిచూడాలి. వాడనప్పుడు బ్యాటరీ తీసెయ్యాలి, కనీసం ఇన్‌పుట్ కేబుల్ పీకెయ్యాలి; కేబుల్ ఉన్నంతసేపూ లోపల కరెంటు పారుతూనే ఉంటుంది. ‘ట్రూ బైపాస్’ లేదని స్విచ్ మార్పించే మోజు ఒకటుంది. అది అనవసరం. ఆపివున్నప్పుడు కూడా లోపలి బఫర్ పొడవైన కేబుల్‌లో పై స్థాయి నీరసించకుండా కాపాడుతుంది.

808 ధర అందనివాళ్లకు దారులున్నాయి. 2004లో ఐబనెజ్ మళ్లీ తెచ్చిన టీఎస్808 వాయించడానికి నిక్కమైన పెడల్. 1980ల చివరి టీఎస్10ను, జాక్‌లు బోర్డుకే అతికించి ఉండి విరుగుతాయని ఒకప్పుడు చిన్నచూపు చూశారు. జాన్ మేయర్ పెడల్ బోర్డు మీద కనిపించాక దాని ధరా పెరిగింది. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు నాబ్‌లు ఒకే అంకె మీద ఉంచితే చాలదు. ముందు రెండింటి శబ్దమూ చెవికి సమానమయ్యేలా లెవెల్ సరిచేయాలి. కాస్త గట్టిగా వినిపించేదే బాగుందనిపించడం చెవి నైజం కాబట్టి, ఏది మోగుతోందో వాయించేవారికి కనబడకుండా ఇంకొకరు కేబుల్ మార్చాలి.