అదిరే కండరం, వినే సూది

కుడికన్ను అదిరితే మగవాళ్ళకు మంచిదని, ఎడమకన్ను అదిరితే ఆడవాళ్ళకు శుభమని వింటూ పెరిగినవాళ్ళం. అదే అదురు పిక్కలోకో, బొటనవేలి మొదట్లోకో దిగి వారాల తరబడి ఆగకపోతే మాత్రం మనసు వేరే దారి పడుతుంది. ఫోన్‌లో వెతికితే కండరాలను నడిపే నాడీకణాలు నశించే మోటార్ న్యూరాన్ వ్యాధి అని కనబడుతుంది. ఇక ఆ రాత్రి నుంచి నిద్ర ఉండదు. నిద్రలేమి, ఆందోళన, కాఫీ, మూడూ అదురును పెంచేవే. భయం తనకు కావలసిన సాక్ష్యాన్ని తానే తయారు చేసుకుంటుంది.

ఇలా వచ్చిన మనిషిని మంచి న్యూరాలజిస్టు పరీక్షించే తీరు చూసి తీరవలసిన పనితనం.

మొదట చూపు. వెలుతురు పక్కనుంచి పడేలా పడుకోబెట్టి భుజం, తొడ, పిక్క ఒక్కొక్కటీ ముట్టుకోకుండా గమనిస్తారు. నాలుకను బయట పెట్టించి అదురు కోసం చూడరు. చాపిన నాలుక ఎవరికైనా వణుకుతుంది. నోట్లోనే వదులుగా ఉంచమంటారు. తర్వాత బలం. చేతిలోని చిన్న కండరాన్ని తన చేతిలోని అదే కండరంతో ఎదుర్కొంటారు, వేలికి వేలు. చేయంతా మోపి నొక్కితే ఎంత ఆరోగ్యవంతుడి వేలైనా ఓడిపోతుంది, లేని జబ్బు ఉన్నట్టు తేలుతుంది. పిక్కకు ఆ పద్ధతి చెల్లదు. అది మహా బలమైనది, చేత్తో నొక్కితే దాని నీరసం బయటపడదు. అందుకని మునివేళ్ళ మీద నడిపించి, ఒంటి బరువు మొత్తం దాని మీద వేస్తారు.

చిన్న సుత్తి పని నాకు అన్నిటికన్నా అబ్బురం. కండరం చిక్కిపోతే, సుత్తితో తట్టినప్పుడు వచ్చే కదలిక కూడా తగ్గాలి. మోటార్ న్యూరాన్ వ్యాధిలో మాత్రం చిక్కిన కండరం తట్టగానే ఎగిరిపడుతుంది. వెన్నుపాము నుంచి కండరానికి వెళ్ళే నాడీకణం, మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే నాడీకణం, రెండూ దెబ్బతిన్నప్పుడే అలా జరుగుతుంది. ఒక్క తట్టుతో ఆ రెంటినీ విచారిస్తారు.

అవసరమనిపిస్తే ఈఎంజీ, అంటే కండరంలోకి సూది దించి దాని విద్యుత్తును వినే పరీక్ష. దీనికి వాడే సూదిని 1929లో ఏడ్రియన్, బ్రాంక్ రూపొందించారు. బోలు సూదిలో, దాని గోడకు తగలకుండా ఒక సన్నని తీగ ఉంటుంది. అందువల్ల మొన పక్కనున్న కొద్దిపాటి తంతువుల విద్యుత్తే స్పీకరులో వినబడుతుంది. విశ్రాంతిగా ఉన్న మంచి కండరం చడీచప్పుడు లేకుండా ఉంటుంది. నాడి తెగిపోయిన తంతువులు రేకుల కప్పు మీద చినుకుల్లా టపటపమంటాయి. అదురు శబ్దం ఇలా ఉండదు. ఒక నాడీకణం కింద ఉన్న తంతువులన్నీ ఒక్కసారిగా కదిలితే ‘టప్’మని ఒంటరిగా, వేళాపాళా లేకుండా వస్తుంది. ఈ రెంటికీ ఉన్న తేడాను 1938లో డెన్నీ-బ్రౌన్, పెన్నీబేకర్ తేల్చి చెప్పారు. సూది పట్టిన వైద్యులు కదలకుండా చాలాసేపు వింటారు, దిశ మార్చి మళ్ళీ వింటారు. అదురు ఉందో లేదో తేల్చుకోవడానికి కాదు. అది వస్తున్న కండరంలో నాడులు తెగిన గుర్తులేమైనా ఉన్నాయా అని.

గుర్తులు లేకపోతే ధైర్యం చెప్పడానికి ఆధారం ఉంది. అదురు తప్ప మరే లోపమూ లేని 121 మందిపై అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు చేసిన అధ్యయనం 1993లో వెలువడింది. 2 నుంచి 32 ఏళ్ళ తర్వాత ఆరా తీస్తే ఒక్కరికీ మోటార్ న్యూరాన్ వ్యాధి రాలేదు. తొందరపడకుండా ఇన్నేళ్ళ తర్వాత వెనక్కి వెళ్ళి అడగడం నాకు పరిశోధనలో గొప్ప మర్యాదగా తోస్తుంది. ఆ తర్వాత వైద్య పత్రికల్లో ఒకటీ అరా మినహాయింపులు నమోదయ్యాయి. కొన్ని నెలలాగి మరోసారి రమ్మనేది అందుకే.

చదువుకుంటే ఈ భయం పోతుందనుకోనక్కర్లేదు. వైద్యులనే పట్టుకునే ఈ ఆందోళన గురించి సైమన్, కీర్నన్ 2013లో ప్రత్యేకంగా రాశారు. కాబట్టి ‘మీకేం లేదు, వెళ్ళిరండి’ అంటే సరిపోదు. ఏ కండరాలు చూశారో, ఏది వెతికితే కనబడలేదో విడమరిచి చెప్పాలి. చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, పాదం ఈడ్చుకుపోవడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే రమ్మనాలి. అంతా విన్నాక కూడా ఆ మనిషి గంటగంటకూ పిక్క తడుముకుంటూ ఉంటే, అనుభవమున్నవారు ఇంకో ఈఎంజీ రాయరు. ఆందోళననే జబ్బుగా గుర్తించి, సుత్తి పట్టినంత శ్రద్ధతోనే దానికి వైద్యం మొదలుపెడతారు.