దీపం మోసే బొమ్మ

బెంగాల్–నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలను పరిచయం చేయనక్కరలేదు. ఆ పట్టణానికి చేరువలోనే, కాసాయి నదికి ఆవల, మేదినీపూర్‌లోని మీర్జాబజార్ కుమ్మరులు చేసే ‘దేవాలీ పుతుల్’ కూడా అంతే శ్రద్ధతో పరిశీలించదగినది.

మన సంప్రదాయంలో బొమ్మ కొలువులో కూర్చుంటుంది. దీపం ప్రమిదలో వెలుగుతుంది. ఈ మట్టిబొమ్మలో ఆ రెండూ ఒకటయ్యాయి. స్త్రీమూర్తి చేతులకే ప్రమిదలు అమరి ఉంటాయి. పరికిణీ వలె విచ్చుకున్న అధోభాగం సారెపై తీసినది, లోపల గుల్ల. పైభాగాన్ని అచ్చులో ఒత్తి దానికి అతికిస్తారు. కొండపల్లి బొమ్మలోని సూక్ష్మత ఈ ముఖంలో లేదని పెదవి విరిచేవారు ఒక విషయం విస్మరిస్తున్నారు. ఇది పగటి వెలుగులో అరలో నిలిపి చూడవలసిన శిల్పం కాదు. చేతులలోని దీపాల బరువుకు ఒరగకుండా నిలిపేది ఆ వెడల్పాటి అడుగే. వెలుగునీడల కదలికలో ఆ ముతక రేఖలే చాలు. ఇక్కడ ప్రయోజనమే రూపాన్ని నిర్ణయించింది.

ఏటికొప్పాక అనుభవమూ ఈ సత్యాన్నే బలపరుస్తున్నది. అంకుడు కర్ర, లక్కల పనిలో సహజ వర్ణాలను పునరుద్ధరించిన సి.వి. రాజు కృషికి 2023లో పద్మశ్రీ లభించింది. పసిబిడ్డ నోట పెట్టుకోగల బొమ్మకు ఎటువంటి రంగు తగునన్న ప్రశ్నలోనే ఆ కృషి విలువ ఉన్నది.

ఆకృతిని అద్దాల పెట్టెలో భద్రపరచినంత మాత్రాన హస్తకళ పరిరక్షణ పూర్తి కాదు. ఈ బొమ్మను సేకరించే ప్రదర్శనశాల ఏడాదికి ఒక్క సాయంత్రమైనా దాని ప్రమిదలలో నూనె పోసి వత్తి వెలిగించాలి. వెలగని బొమ్మను చూసి కుమ్మరి పనితనాన్ని తూచడం న్యాయం కాదు.